బ్యాకప్ తీసుకున్నారా అని ఒక్కరూ అడగలేదు

మా ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ మీద ఈగ వాలినంత మార్పు చెయ్యాలన్నా ఒక ఫారమ్ నింపాలి. అందులో ఒక గడి "బ్యాకప్ తీసుకున్నారా?" అని. దాని కింద ఇంకోటి "తేడా వస్తే వెనక్కి ఎలా వెళ్తారు?" అని. ఆ రెండూ ఖాళీగా ఉంటే వైస్ ప్రెసిడెంటు స్వయంగా ఫోన్ చేసినా సరే, ఆ రాత్రి పని జరగదు. పదిహేనేళ్ళ బట్టీ ఈ ఫారమ్ నింపుతున్నాను. తిట్టుకుంటూనే అనుకోండి, కానీ ఎగ్గొట్టిన రోజు లేదు.

అలాంటి నేను 2016లో ఒక సాయంత్రం మా పిన్ని కొడుకు కీమోథెరపీ కాగితాల మీద సంతకం పెట్టాను. చదవలేదు. ఏదన్నా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పదమూడు పేజీల నిబంధనలొస్తే కిందకి లాగేసి "ఒప్పుకుంటున్నాను" నొక్కేస్తాం చూశారా, అచ్చం అలాగే.

అప్పటికి వాడికి పాతికేళ్ళు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా నిండలేదు. మెడ పక్కన గడ్డ వస్తే ముందు టీబీ అన్నారు, మూడు నెలలు ఆ మందులు మింగించారు. తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకి పంపారు. హాడ్జ్‌కిన్ లింఫోమా. పిన్ని, బాబాయ్ తెనాలి నుంచి బస్సులో వచ్చేసరికి నేనే పెద్ద దిక్కు. డాక్టరుగారు మంచాయన. "ఇది నయమయ్యే రకం అండీ, భయపడకండి" అన్నారు. ఆ ఒక్క మాటతో మా అందరి ప్రాణాలూ లేచొచ్చాయి. ఇంక వేరే ప్రశ్న ఎవడడుగుతాడు? "ఎప్పుడు మొదలెడదాం సార్?" అన్నాను. పేషెంటు సంతకం కింద అటెండరు సంతకం నాది.

ఆరు నెలల కీమో. తగ్గింది. పదకొండు నెలలకి మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకా గట్టి మందులు, ఆ పైన 2018లో వాడి సొంత మూలకణాలతోనే బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంటు. గండం గడిచింది. 2021లో పెళ్ళయింది. క్యాన్సర్ సంగతి ఆడపిల్ల వాళ్ళకి ఏమీ దాచకుండా చెప్పాం. ఆ అమ్మాయి అన్నీ విని, ఒక రోజు ఆలోచించుకుని సరేనంది. ఇంతవరకూ ఇది సుఖాంతం. మా చుట్టాల్లో ఇప్పటికీ అలాగే చెప్పుకుంటారు.

2023లో వీర్యపరీక్ష చేయిస్తే శుక్రకణాలు సున్నా. తక్కువ కాదు, సున్నా. చిన్న ఆపరేషన్ చేసి మైక్రోస్కోపు కింద వెతికారు. దొరకలేదు. ఆ డాక్టరు వీణ్ణి అడిగిన మొదటి ప్రశ్న: "కీమోకి ముందు ఫ్రీజ్ చేయించలేదా?"

చేయించొచ్చని తెలిస్తే కదా!

ఆ రాత్రి వాడు పాత ఫైలు తీశాడు. దుష్ఫలితాల జాబితాలో జుట్టు రాలడం, వాంతులు, నోటిపూత, ఇన్ఫెక్షన్లు... అన్నిటికన్నా కింద, చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, సంతానలేమి రావచ్చు అని ఒక వాక్యం. దాని కింద నా సంతకం. "అన్నయ్యా, ఇది నువ్వు చూశావా?" అని అడిగాడు. నిష్టూరంగా కాదు. నిజంగానే తెలుసుకుందామని. ఆ ఫోను పెట్టేశాక నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇది రాయమని వాడే అన్నాడు. "నా పేరు వద్దు, విషయం రాయి" అన్నాడు. అందుకే రాస్తున్నాను, కొంచెం కోపంగానే.

*

ముందు విషయం క్లుప్తంగా. కీమో మందులు త్వరగా విభజన చెందే కణాల మీద దెబ్బ కొడతాయి. జుట్టు రాలేది అందుకే. వృషణాల్లో శుక్రకణాల్ని తయారుచేసే కణాలూ ఆ దెబ్బ తింటాయి. అండాశయంలో ఉన్న అండాల నిల్వకీ అదే గతి. జుట్టు మళ్ళీ వస్తుంది, అండాల నిల్వ మాత్రం ఒకసారి పోతే పోయినట్టే. అన్ని మందులూ ఒకటి కాదు. కొన్నిటి తర్వాత రెండు మూడేళ్ళలో మామూలైపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. సైక్లోఫాస్ఫమైడ్, బుసల్ఫాన్, మెల్ఫాలాన్ లాంటివి, అందులోనూ పెద్ద మోతాదుల్లో, బాగా ప్రమాదం. ట్రాన్స్‌ప్లాంటుకి ముందిచ్చేవి, పొత్తికడుపుకి ఇచ్చే రేడియేషను మరీనూ. ఎవరికి ఎంత ముప్పు అనేది మందు, మోతాదు, వయసు బట్టి ఉంటుంది. డాక్టర్లకి ఈ లెక్క తెలుసు.

దీనికి మందు కూడా అంతే పాతది. గ్లిసరాల్ కలిపితే శుక్రకణాలు గడ్డకట్టినా బతుకుతాయని ఇంగ్లండులో 1949లోనే కనుక్కున్నారు. అలా దాచిన వీర్యంతో అమెరికాలో గర్భాలు వచ్చింది 1953లో. 1992లో ఇక్సీ వచ్చాక ఒక్క అండంలోకి ఒక్క శుక్రకణాన్ని సూదితో ఎక్కిస్తే చాలని తేలింది. అంటే దాచిన నమూనా ఎంత పలచగా ఉన్నా పనికొచ్చే రోజులొచ్చేశాయి. అండాల ఫ్రీజింగు మీద "ప్రయోగాత్మకం" అనే ముద్రని అమెరికా సంతానవైద్య సంఘం 2012లో తీసేసింది. అండాశయం ముక్కని దాచి, తర్వాత తిరిగి అమర్చిన తల్లికి మొదటి బిడ్డ 2004లో బెల్జియంలో పుట్టింది. దాని మీద ముద్రా 2019లో పోయింది. సంతానవయసులో ఉన్న ప్రతి క్యాన్సర్ రోగితోనూ వీలైనంత ముందుగా ఈ విషయం మాట్లాడమని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం మార్గదర్శకాలు రాసింది 2006లో. మా వాడి సంతకం నాటికి వాటికి పదేళ్ళు!

సైకిల్ వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గుర్తున్నాడు కదా? డోపింగు సంగతి పక్కన పెట్టండి. 1996లో ఆయనకి వృషణ క్యాన్సర్ అప్పటికే ఊపిరితిత్తులకీ, మెదడుకీ పాకిపోయింది. అంత హడావిడిలోనూ కీమోకి ముందు వీర్యం దాచుకున్నాడు. 1999లో కొడుకు పుట్టాడు. మన కుర్రాళ్ళు ఆయన పసుపు పట్టీ చేతికి కట్టుకుని తిరిగారు గానీ ఈ ముక్క ఎవరికీ ఎక్కలేదు.

ఇప్పుడు నన్ను బాగా మండించే విషయం చెప్తాను. ట్రాన్స్‌ప్లాంటుకి ముందు మా వాడి మూలకణాలు తీసి ఏం చేశారనుకున్నారు? సంచుల్లో పోసి, గడ్డకట్టించి, ద్రవ నైట్రోజన్‌తో నడిచే ట్యాంకులో దాచారు. కీమోతో మజ్జ మొత్తం పోతుంది కాబట్టి ముందే బ్యాకప్ తీసుకుని, తర్వాత రీస్టోర్ చేశారు. అదే మనిషి, అదే ఆస్పత్రి, అదే మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్. రక్తానికి బ్యాకప్ ఉంది. వాడి పిల్లలకి బ్యాకప్ అక్కర్లేదా అని ఒక్కరికీ తట్టలేదు. ఒక్కరికీ అన్నప్పుడు అందులో నేనూ ఉన్నాను.

*

ఈ విషయం నలుగురితో అన్నప్పుడల్లా నాకు ఎదురయ్యే మాటలు ఇవి. ఒక్కొక్కటే చూద్దాం.

"ముందు ప్రాణం దక్కనీ, పిల్లల సంగతి తర్వాత." వినడానికి ఎంత బరువుగా ఉంటుందో! కానీ ఇందులో ఒక మోసం ఉంది. ప్రాణమా, పిల్లలా అని ఎవరూ ఎంచుకోమనలేదు. మగవాడికి వీర్యం ఇవ్వడానికి పట్టేది గంట. ఒకటికి మూడు నమూనాలు దాచుకోవాలనుకుంటే వారంలోపు. మా వాడి మొదటి కీమోకి ఇన్సూరెన్స్ అప్రూవల్ రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ వాడు వార్డులో పడుకుని ఫోన్లో క్రికెట్ చూశాడు. కంపెనీ వాడి మెయిల్ కోసం ఆగిన వైద్యం, వాడి కోసం ఒక్క పూట ఆగలేదా?

ఇంకోటి కూడా ఉంది. "తర్వాత" అనేది ఇక్కడ లేదు. కీమో మొదలయ్యాక శుక్రకణాల్లో జన్యుపరంగా లోపాలు రావచ్చు, అప్పుడు నమూనా తీయడం మంచిది కాదంటారు. తలుపు తెరిచి ఉండేది రిపోర్టు వచ్చిన రోజుకీ, మొదటి సెలైను ఎక్కించే రోజుకీ మధ్యన మాత్రమే. మా సంగతిలో మజ్జ మార్పిడికి ముందు ఆ తలుపు రెండోసారి ఓరగా తెరుచుకుంది కూడా. అప్పుడూ ఎవరం చూడలేదు.

"మనది పేద దేశం, ఈ విలాసాలు మనకెందుకు?" దీనికి సమాధానం మా ఊళ్ళోనే ఉంది. మా పక్క మండలం పశువుల ఆస్పత్రిలో ద్రవ నైట్రోజన్ క్యాన్ ఉంటుంది. అందులో స్ట్రాల నిండా ముర్రా దున్నల వీర్యం, ఒంగోలు గిత్తల వీర్యం. బర్రె ఎదకొచ్చిందని కబురందితే గోపాలమిత్ర బండి మీద క్యాన్ పెట్టుకుని దొడ్లోకే వచ్చేవాడు. రైతు కట్టేది నామమాత్రం. చనిపోయిన దున్నపోతుకి కూడా దూడలు పుడుతున్న దేశం ఇది! దున్నపోతు విషయంలో లేని పేదరికం పాతికేళ్ళ కుర్రాడి దగ్గరకొచ్చేసరికి ఎక్కడ్నుంచి వచ్చింది?

ఇంకో ఉదాహరణ. 1978 జులైలో ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ ఇంగ్లండులో పుట్టిందని మనందరికీ తెలుసు. డెబ్బై రోజుల తర్వాత, అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతి మీదుగా ఇంకో పాప పుట్టింది. అదీ పిండాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాత గర్భంలో ప్రవేశపెట్టి. ఆ రోజుల్లో మన ప్రభుత్వ పెద్దలు ఆయన్ని నమ్మలేదు. విచారణ కమిటీ వేసి ఎగతాళి చేశారు, కంటి వైద్య సంస్థకి బదిలీ చేశారు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. తగిన గుర్తింపు రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. చెప్పొచ్చేదేంటంటే, ఈ విద్య మనకి పరాయిది కాదు. మనకి అప్పుడూ ఇప్పుడూ తక్కువైంది నైట్రోజన్ కాదు, దీన్ని పట్టించుకునే బుర్ర.

ఖర్చు అంటారా? వీర్యం ఫ్రీజింగుకి మొదటి ఏడాది అయ్యేది ఒక పెట్ స్కాన్ బిల్లు లోపే. ఆ తర్వాత ఏటా కొన్ని వేలు. లక్షల బిల్లులో ఇది లెక్కలోకే రాదు.

"ఇలాంటివి ఎలా అడుగుతాం?" ఇదీ అసలు రోగం. పిన్ని పక్కనుండగా, బాబాయ్ ఎదురుగా, పెళ్ళికాని కుర్రాడితో డాక్టరు వీర్యం అన్న మాట ఎలా ఎత్తుతాడు? తండ్రి కొడుకుతో ఎలా అంటాడు? అందరూ మర్యాదస్తులే. ఆ మర్యాదకి అయిన ఖర్చు ఇప్పుడు ఒక జంట కడుతోంది. మలవిసర్జన ఎన్నిసార్లయిందో రోజూ అడిగి చార్టులో రాసుకునే చోట, ఈ ఒక్క ప్రశ్నకి సిగ్గెందుకో నాకర్థం కాదు. అందుకే ఇది డాక్టరు మొహమాటానికి వదిలెయ్యకూడదు అంటున్నాను. కాగితం మీద అచ్చయి ఉండాలి. కాగితానికి సిగ్గుండదు.

"ఎవర్నన్నా దత్తత తీసుకోవచ్చుగా!" తప్పకుండా. దత్తత గొప్ప పని. కానీ ఈ సలహా ఇచ్చినవాళ్ళలో ఒక్కరూ దత్తత తీసుకున్నవాళ్ళు లేరు, గమనించాను. దానికి తోడు 2022 నాటి దత్తత నిబంధనలు తీసి చదవండి. తీసుకునేవాళ్ళకి ప్రాణాంతకమైన జబ్బు ఉండకూడదు అని ఉంది. బిడ్డ మేలు కోరి పెట్టిన షరతే, తప్పు పట్టను. కానీ క్యాన్సర్ నుంచి బయటపడ్డవాడు తను బానే ఉన్నానని కాగితాలతో రుజువు చేసుకుంటూ ఆ లైన్లో నిలబడాలన్నమాట. ఆ దారి వాడు ఇష్టపడి ఎంచుకోవాలి. మనం ఒక ప్రశ్న అడగడం మర్చిపోయినందుకు కాదు.

"ఇంత జనాభాలో ఇంకా పిల్లలా?" 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున ఆంధ్రాలో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండటానికి కావల్సిన 2.1 కన్నా తక్కువ. 2024లో ఆంధ్ర ముఖ్యమంత్రే ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపిచ్చారు. అయినా ఇది దేశ జనాభా లెక్క కాదు, ఒక ఇంట్లో ఊయల లెక్క. క్యాన్సర్ రాని వాళ్ళని ఎవరం ఇలా అడగం.

*

ఇప్పటిదాకా మగవాళ్ళ గురించే మాట్లాడాను, ఎందుకంటే అది తేలికైన సగం. తేలికైన దాన్నే మనం చెయ్యట్లేదు అని చెప్పడానికి. ఆడవాళ్ళ దగ్గరకొస్తే వ్యవహారం నిజంగానే కష్టం.

కిందటేడు మా టీములో ఇరవై తొమ్మిదేళ్ళ అమ్మాయికి రొమ్ము క్యాన్సర్ బయటపడింది. పెళ్ళయి ఏడాది. మన దేశంలో ఈ జబ్బు పడమటి దేశాలకన్నా ఓ పదేళ్ళు ముందుగానే వస్తోందని డాక్టర్లు అంటూనే ఉన్నారు. ఈసారి నేను నోరు మూసుకోలేదు. వాళ్ళాయన్ని క్యాంటీన్‌కి పిలిచి, మా వాడి కథ చెప్పి, "కీమో మొదలుపెట్టే ముందు ఈ ఒక్కటీ అడగండి బాబూ" అన్నాను. అడిగారు. డాక్టరమ్మ వెంటనే సంతాన నిపుణురాలి దగ్గరకి పంపారు. పది నుంచి పద్నాలుగు రోజులు ఇంజెక్షన్లు. నెలసరి కోసం ఆగక్కర్లేదు, ఏ రోజునైనా మొదలుపెట్టొచ్చట. ఈస్ట్రోజెన్ మరీ పెరక్కుండా లెట్రజోల్ బిళ్ళ కలుపుతారు. అండాలు తీసి ఫ్రీజ్ చేశారు. డాక్టరమ్మ ముందు చెప్పిన తేదీకే కీమో మొదలైంది.

గ్యారంటీ ఉందా? లేదు. దాచిన ప్రతి అండమూ బిడ్డ కాదు. అక్యూట్ లుకేమియా లాంటి జబ్బుల్లో రెండు వారాలు ఆగే వీలే ఉండదు. ఇంకా రజస్వల కాని పిల్లలకైతే అండాశయపు ముక్క దాచడం ఒక్కటే దారి, అది చేసే చోట్లు తక్కువ. కీమో సాగుతున్నన్నాళ్ళూ అండాశయాన్ని నిద్రపుచ్చే ఇంజెక్షన్లున్నాయి. కొంతమందికి అవి పనిచేస్తాయని 2015లో వచ్చిన అధ్యయనం చూపించింది, అయినా అవి ఫ్రీజింగుకి బదులు కావు. హార్మోను మాత్రలు కొన్నాళ్ళు ఆపి గర్భం కోసం ప్రయత్నించినవాళ్ళలో, తొలి కొన్నేళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువేమీ కాలేదని 2023లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఇవన్నీ విని వద్దనుకునే హక్కు కూడా ఆ అమ్మాయిదే. చెప్పకపోవడం మాత్రం ఎవరి హక్కూ కాదు. మన సమాజంలో పిల్లలు లేని ఆడదాన్ని ఏ మాటంటారో నేను ఇక్కడ రాయక్కర్లేదు.

ఖర్చు దగ్గర దగ్గర రెండు లక్షలయింది. మా కంపెనీ ఇన్సూరెన్సుకి పంపితే మూడు గంటల్లో తిరిగొచ్చింది. "సంతానలేమి చికిత్స మా పాలసీ పరిధిలోకి రాదు."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆమెకి సంతానలేమి లేదు! ఆమె ఆరోగ్యంగానే ఉంది. సంతానలేమి తెచ్చిపెట్టబోయేది వాళ్ళే డబ్బు కడుతున్న కీమో. కీమోతో వాంతులొస్తాయని ముందుగా ఇచ్చే ఇంజెక్షనుకి డబ్బిస్తారు. తెల్లకణాలు పడిపోకుండా ఇచ్చే ఇంజెక్షనుకి డబ్బిస్తారు. ఇదీ అలాంటి ముందుజాగ్రత్తే కదా, దీనికెందుకివ్వరు?

మీ పాలసీ కాగితం తీసి మినహాయింపుల జాబితా చూడండి. బీమా నియంత్రణ సంస్థ 2019లో అన్ని కంపెనీలకీ ఒకేలా ఉండేట్టు రాయించిన జాబితా అది. పదిహేడో నంబరు: సంతానలేమి, వంధ్యత్వం. ఐవీఎఫ్, ఇక్సీ, అన్నీ అందులోనే కొట్టుకుపోతాయి. ఇప్పుడు ఎనిమిదో నంబరు చూడండి. అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి డబ్బివ్వం, ప్రమాదం, కాలిన గాయాలు, లేదా క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికైతే ఇస్తాం అని ఉంటుంది. భేష్! క్యాన్సర్ వల్ల పోయిన రొమ్ముని మళ్ళీ నిర్మించడం సోకు కాదని గ్రహించిన బుర్రలకి, అదే క్యాన్సర్ వల్ల పోబోయే సంతానాన్ని కాపాడుకోవడం సోకు కాదని తోచలేదు. మన భాషలో చెప్పాలంటే, ఎనిమిదో నంబరు ఫంక్షన్లో రాసిన ఇఫ్ కండిషన్ని పదిహేడులో రాయడం మర్చిపోయారు. ఒక్క లైను. ఇది విధానం కాదు, బగ్.

అమెరికాలో కనెక్టికట్, రోడ్ ఐలండ్ రాష్ట్రాలు 2017లోనే ఇలాంటి ఖర్చు బీమా కంపెనీలే కట్టాలని చట్టం చేశాయి. అక్కడున్న మనవాళ్ళు మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోండి. ఇంకో విడ్డూరం. 2014లో ఫేస్‌బుక్, యాపిల్ తమ ఉద్యోగినుల అండాల ఫ్రీజింగు ఖర్చు భరిస్తామన్నాయి. దేనికి? ప్రధానంగా, పిల్లల్ని ఆలస్యంగా కనాలనుకునే వాళ్ళకి వీలుగా ఉంటుందని. మన ఆఫీసుల్లో అప్పుడు దీని గురించి ఎంత చర్చ! మంచిదా చెడ్డదా, స్త్రీవాదమా పెట్టుబడిదారీ కుట్రా అని ఈమెయిళ్ళ మీద ఈమెయిళ్ళు. అదే సమయంలో పక్క సీటులో క్యాన్సర్ వచ్చిన పిల్లకి మన పాలసీ ఏమిస్తుందో ఒక్కరమూ తీసి చూడలేదు.

*

సర్కారు సంగతికొస్తే, ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన దగ్గర్నుంచి ఎన్ని వేల ఇళ్ళల్లో క్యాన్సర్ వైద్యం చేయించిందో మనకి తెలుసు. ఆ పథకాన్ని నేను వెటకారం చెయ్యను. దాని కార్డు మీదే బతికి బయటపడ్డవాళ్ళని నేనెరుగుదును. అందుకే అడుగుతున్నాను: కీమోకి ప్యాకేజీ రాసినప్పుడు, యువకులకి వీర్యం దాచే ఖర్చుని కూడా అందులోనే ఒక గీటుగా ఎందుకు చేర్చకూడదు? హైదరాబాదులో పేదవాడికి క్యాన్సరొస్తే వెళ్ళేది ఎం.ఎన్.జె. ఆస్పత్రికి. 2023లో గాంధీ ఆస్పత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం పెట్టారు. లకడీకాపూల్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారితే గాంధీ ఆస్పత్రి స్టేషనే ఉంది. ఆ రెంటి మధ్య కావల్సింది ఒక రిఫరల్ చీటీ, ఒక ఫోన్ నంబరు. అంతరిక్ష నౌక కాదు.

చట్టం కూడా కొంచెం కళ్ళు తెరవాలి. 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం దంపతుల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. సేవలకి కనీస వయసు ఇరవై ఒకటి అంటుంది. అద్దె గర్భాల వ్యాపారాన్నీ, దాతల దోపిడీనీ ఆపడానికి అది సబబే కావచ్చు. కానీ లుకేమియా వచ్చిన పదిహేడేళ్ళ కుర్రాడు ఎవరికోసమో బిడ్డని కనట్లేదు, తనది తను దాచుకుంటున్నాడు. అలాంటి వాడికి ఎవరూ అడ్డం చెప్పడానికి వీల్లేదని, సందేహం లేని మాటల్లో, ఏ క్లినిక్ గుమాస్తా చదివినా అర్థమయ్యేట్టు రాసి గోడకి అంటించాలి. సందేహం ఉన్నచోట గుమాస్తా ఎప్పుడూ "ఎందుకొచ్చిన గొడవ" అనే అంటాడు.

ఇంక డాక్టర్లు. మా వాడి ప్రాణం నిలబెట్టిన చేతులని నేను తిట్టను. ఓపీలో డెబ్బై మంది బయట కూర్చుని ఉండగా ఆయన మాకు ఇరవై నిమిషాలిచ్చాడు. అది చాలా ఎక్కువ. సరిగ్గా అందుకే దీన్ని మనిషి జ్ఞాపకశక్తికి వదలకూడదు అనేది. తప్పు జరిగినప్పుడల్లా "ఎవడు చేశాడు?" అని కాకుండా "ఏ గడి లేకపోవడం వల్ల జరిగింది?" అని అడగడం మన వృత్తి నేర్పిన మంచి అలవాటు. ఆపరేషన్ థియేటర్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో చెక్‌లిస్టు పెడితే, అంత పెద్ద సర్జన్లూ టిక్కులు పెట్టడం నేర్చుకున్నారు. కీమో మొదలుపెట్టే ముందు కూడా ఒక గడి కావాలి: "పిల్లల గురించి మాట్లాడారా? రోగి ఏమన్నాడు?" ఆ గడి నింపేదాకా ఫార్మసీ మందు కలపకూడదు. అడిగేది నర్సమ్మ అయినా చాలు. అడగాల్సింది మాత్రం రోగిని, ఒంటరిగా. నన్ను కాదు, వాళ్ళ నాన్నని కాదు.

ఇవన్నీ అయ్యేదాకా మనం ఊరికే కూర్చోనక్కర్లేదు. సోమవారం ఆఫీసుకెళ్ళగానే హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి. గ్రూపు పాలసీలో మినహాయింపులు కంపెనీ అడిగితే, కాస్త ప్రీమియం ఎక్కువ కడితే సడలుతాయి. ప్రసూతి ఖర్చులు మనకి వచ్చింది అలాగే. రెన్యువల్ నెల ముందు అడగండి. ఒక్కరు అడిగితే టికెట్ మూసేస్తారు, నలభై మంది అడిగితే మీటింగ్ పెడతారు. మా ఆఫీసులో నూట పన్నెండు మందిమి అడిగాం. ఈసారి రెన్యువల్లో చూస్తామన్నారు. "చూస్తాం" అంటే ఏమిటో మనందరికీ తెలుసు కాబట్టి ప్రతి నెలా గుర్తుచేస్తున్నాను.

రెండోది, మీ ఇంట్లోనో, టీములోనో, అపార్ట్‌మెంటులోనో నలభై ఏళ్ళలోపు ఎవరికైనా క్యాన్సర్ అని తెలిస్తే, పళ్ళు పట్టుకెళ్ళే ముందు ఈ వాక్యం పట్టుకెళ్ళండి: "డాక్టర్‌గారూ, ఈ మందులు పిల్లలు పుట్టే శక్తిని దెబ్బతీస్తాయా, తీస్తే మొదలుపెట్టే ముందే ఏం చెయ్యొచ్చు?" మొదటి సెలైను ఎక్కకముందే అడగాలి. ఇబ్బందిగా ఉంటే కాగితం మీద రాసి చేతికివ్వండి.

మా వాడు బానే ఉన్నాడు. జబ్బు తిరిగి రాలేదు. మొన్నాదివారం వాళ్ళింటికి భోజనానికెళ్తే మా మరదలు పప్పు వడ్డిస్తూ మామూలుగానే అంది, "బావగారూ, అప్పుడు ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే బావుండేది" అని. వాడు పళ్ళెంలోంచి తలెత్తలేదు. నేను చెప్పుండాల్సిన వాణ్ణి. ఆ కాగితం నా చేతిలోనే ఉంది.